వదినకు సరిపడే మోత

నేను రెండు ఉద్యోగాలు చేశాను. మొదటిదాంట్లో మోత ఎక్కువై చెవులు పాడయ్యాయి. రెండోదాంట్లో మోత కావాలని ఊళ్లు తిరిగి తెచ్చుకున్నాం. మొదటిది చిలకలూరిపేట దగ్గర నూలు మిల్లు. రెండోది అదే రోడ్డు మీద ధ్యాన మందిరం. మందిరంలో నా పని తాళం తీయడం, చాపలు పరచడం, కుండల్లో మంచినీళ్లు నింపడం, టైమయ్యాక గంట కొట్టడం, చాపలు చుట్టడం. ధ్యానం చేయడం నా పనిలో లేదు. అయినా చేశాను.

ఇప్పుడు రెండూ మానేశాను. మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. నాకు సంతకం వరకే వచ్చు, అందుకని నేను చెబుతుంటే రాసేవాళ్లు రాస్తున్నారు. నాది బొంగురు గొంతు. కాగితం మీద అది వినపడదు కాబట్టి మీరు బతికిపోయారు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అడుగుతుంటారు, “మామ్మా, నీ సర్వీసులో మర్చిపోలేనిది చెప్పు” అని. మిల్లులో గడిచిన ఏళ్లన్నీ ఒక్క ముద్దగా ఉన్నాయి, విడదీయడం నా వల్ల కాదు. మందిరంలో ఒక ఎండాకాలం మాత్రం విడిగా గుర్తుంది. మేం వాయిద్యం ఎంచుకున్న ఎండాకాలం అది.

ముందు వదిన సంగతి చెప్పాలి. వదిన అంటే మా అన్న భార్య కాదు. మా ఆయన పోయాక నేను మిల్లులో చేరిన రోజున నా పక్క మిషను మీద ఉన్న మనిషి. పొదిలి వైపు నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చింది. నేను ఆమెను వదినా అన్నాను, ఆమె నన్ను వదినా అంది, ఇద్దరిలో ఎవరు ఎవరికి ఆడపడుచో ఇన్నేళ్లలో తేల్చుకోలేదు. దారం తెగితే అతకడం మా పని. మిషన్ల సందులో నడుస్తూనే ఉండాలి. ఆ మోతలో పక్కన నిలబడి అరిచినా వినపడేది కాదు. పొద్దున లోపలికి పోతే సాయంత్రం బయటికి వచ్చాక కూడా మేం అరుచుకుంటూనే ఇంటికి పోయేవాళ్లం. రోడ్డు మీద వాళ్లు మేం పోట్లాడుకుంటున్నాం అనుకునేవారు. కూరల గురించి మాట్లాడుకునేవాళ్లం.

వయసైపోయి మిల్లు మానేశాం. మానేసిన కొన్నాళ్లకే వదిన చెవిలో హోరు మొదలైంది. “ఖాళీగా ఉన్న గదిలో ఎవరో సన్నగా ఈల వేస్తున్నారే” అంది. ముందు ఒక చెవి, తర్వాత రెండూ. గుంటూరులో చెవుల డాక్టరుకు చూపించారు. లోపల నరం అరిగింది, మందు లేదు, అలవాటు చేసుకోవాలి అన్నాడు. వదిన అలవాటు చేసుకోలేదు. నిద్ర పట్టడం మానేసింది. పగలూ లేదు, రాత్రీ లేదు.

కనుక్కున్న మందు ఒక్కటే, వేరే మోత పక్కన పడుకోవడం. వట్టి మిక్సీ వేసుకుని దాని పక్కన తల పెట్టేది. మిక్సీ కాలిపోయింది. గ్రైండరు పక్కన పడుకుంది. అందులో పప్పు లేదు, నీళ్లు లేవు, రాయి ఒక్కటే తిరుగుతోంది. కోడలు లేచి చూసి భయపడింది. తర్వాత వదిన హైవే పక్కకు పోయి కూర్చోవడం మొదలుపెట్టింది. పత్తి లారీలు పోతుంటే ఆ గుర్రుకు కళ్లు మూతపడేవి. కూర్చున్నది రోడ్డు అంచున. ఒకసారి లారీ డ్రైవరు బండి ఆపి దిగి, తిట్టి, ఇంటికి తెచ్చి దింపాడు.

ఆ రోజు కొడుకు నిర్ణయం తీసుకున్నాడు. మతి తప్పిన వాళ్లను ఉంచే చోటు ఒంగోలు దగ్గర ఉందట, అక్కడ చేరుస్తానన్నాడు. చెడ్డవాడు కాదు. తల్లి లారీ కింద పడుతుందని భయం. అప్పటికి నేను మందిరంలో పనికి కుదిరాను. పోయి కోడలిని బతిమాలాను.

“మందిరంలో ఏదో శబ్దంతో నయం చేసే క్లాసు పెడుతున్నారంటమ్మా. కొన్నాళ్లు తీసుకుపోతాను.”

“నయమవుతుందా పిన్నిగారూ?”

“ఏమోనమ్మా. అక్కడ లారీలైతే లేవు.”

కోడలు ఒప్పుకుంది. వేసవి అయ్యేదాకా గడువు.

మందిరం కట్టించినాయన ఒకప్పుడు మా మిల్లులో మాస్టరే. రిటైరయ్యాక గుండెకు ఏదో అయితే ధ్యానంలో దిగాడు. తనకు మంచి జరిగిందని మా అందరికీ మంచి జరగాలని పట్టుబట్టాడు. మిల్లులో మా చేత పని చేయించిన మనిషే ఇక్కడ మమ్మల్ని ఊరికే కూర్చోమన్నాడు. రెండోదే కష్టమనిపించింది. క్లాసు చెప్పడానికి గుంటూరు నుంచి ఒక అమ్మాయి వచ్చేది. ఓపిక గల మనిషి. మేం ఆమెను టీచరమ్మా అనేవాళ్లం. అక్కడికి వచ్చినవాళ్లలో చాలామందిమి మిల్లు ఆడవాళ్లమే.

మొదట్లో టీచరమ్మ సెల్‌ఫోనులో తంబూర మోత పెట్టేది. దాన్ని పట్టుకుని ఓంకారం అనాలి. మోత అలా సాగుతూ ఉంటే మనసు దాని మీద ఆనుకుంటుందట. బాగానే ఉండేది గానీ మధ్యలో ఫోనులోకే ఎవరో ఆడమనిషి వచ్చి సిమెంటు గురించి చెప్పేది. మేం ఓంకారం ఆపి ఆవిడ చెప్పింది విని, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

ఇంకో ఇబ్బంది మా వల్ల వచ్చింది. కళ్లు మూసుకోమని చెబితే మేం ఒక కన్నే మూసేవాళ్లం. మోత మొదలయ్యిందంటే చాలు, మా చేతులు వాటంతట అవే లేచేవి. మిల్లులో మాట వినపడదు కాబట్టి అన్నీ చేతులతోనే చెప్పుకునేవాళ్లం. నెత్తి మీద వేలు ఆడిస్తే మాస్టరు వస్తున్నాడని. బుగ్గ మీద గుద్దితే పన్ను నొప్పి అని. పిడికిలి నలిపితే గోంగూర. ఒకరోజు ఓంకారం నడుస్తుండగా వదిన హాలు ఆ చివర నుంచి నాతో కోడలి మీద చాడీలు చెబుతోంది. నేను ఈ చివర నుంచి సర్దిచెబుతున్నాను. టీచరమ్మ చూసి చప్పుడు కాకుండా వచ్చి నా ముందు కూర్చుంది.

“మామ్మగారూ, ఈ ముద్రలు మీకు ఎవరు నేర్పారండీ?”

“మిల్లులోనే వచ్చేశాయి టీచరమ్మా.”

“ఇదేం ముద్ర?” అని పిడికిలి నలిపి చూపించింది.

నేను నోరు తెరిచేలోపే వదిన గట్టిగా చెప్పేసింది, “గోంగూరమ్మా! వాళ్లింట్లో ఇవాళ అదే.”

టీచరమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఆ మర్నాడు పన్ను నొప్పికి ఏ ముద్ర పడతారో కూడా అడిగి నేర్చుకుంది.

ఫోనుతో లాభం లేదని, అసలు వాయిద్యమే కొందామని మాస్టరు గారు అన్నారు. ఆయన షరతు ఒక్కటే. “మనిషి అక్కర్లేకుండా నడిచేది చూడండి. మనిషితో పెట్టుకుంటే ఇవాళ వస్తాడు, రేపు రాడు.” మిల్లులో కూడా ఆయన ఇదే అనేవారు. టీచరమ్మ సరేనంది. నాకు మాత్రం ఆ హాలు ఎవరికోసమో అన్న ధ్యాస లేదు, వదినకు నిద్ర పట్టేది ఏదో అదే కావాలి. టీచరమ్మకు సంగతి చెప్పాను. ఆమె నిజం చెప్పింది. “హోరు పోతుందని నేను మాట ఇవ్వలేను మామ్మగారూ. దాని పక్కన ఇంకోటి కూర్చోబెట్టొచ్చు, అంతే.”

మొదట తంబూర. టీచరమ్మ, నేను గుంటూరు పోయి బస్సులో తెచ్చాం. కుండంత బుర్ర, మనిషంత మెడ. బస్సులో ఒకాయన తన మిరపకాయల బస్తా దాని మీద ఆనించబోతే నేను అడ్డం కూర్చున్నాను. ఊరొచ్చేదాకా తుమ్ముతూనే ఉన్నాను. టీచరమ్మ మీటితే హాలంతా తేనె పోసినట్టుంది. అందరూ తలలూపారు. వదిన కూడా ఊపింది.

“ఎలా ఉంది వదినా?”

“చాలా బాగుందే. పెళ్లికి పిలిచినట్టుంది. పెళ్లిలో నిద్రెట్లా వస్తుంది?”

పైగా మా ఊరి ఎండకు తంబూర తీగలు పొద్దున ఒకలాగా, పదకొండింటికి ఒకలాగా మోగేవి. ప్రతిసారీ టీచరమ్మ చెవులు తిప్పి సరిచేసుకోవాలి. నేను తంబూర చెవులు అంటున్నాను.

తర్వాత కంచు గిన్నెలు తెచ్చి చూశాం. కర్రతో అంచు రుద్దితే మోగుతాయి. ఆ మోత లేచినప్పుడల్లా వదిన ఉలిక్కిపడి లేచి నిలబడి అటూ ఇటూ చూసేది. మిల్లులో ఇనుము అలా కీచుమంటే మిషనులో ఏదో ఊడినట్టు లెక్క. ఊడింది కనపడేదాకా మనిషి కూర్చోదు. గిన్నెలు వెనక్కి పోయాయి.

మూడోది కరెంటు శ్రుతిపెట్టె. అరచేతిలో పట్టేంత ఉంది. మీట తిప్పితే చాలు, అలసిపోదు, ఆగదు. మాస్టరు గారు దాన్ని చూసి మురిసిపోయారు. “ఇదమ్మా వస్తువంటే!” అన్నారు. మొదటి రోజే కరెంటు పోయింది. మోత ఆగింది. మోత ఆగగానే మిల్లు ఆడవాళ్లమంతా ఒక్కసారిగా లేచి, చెంగులు దులుపుకుని, క్యారేజీలు పట్టుకుని గుమ్మం దాకా పోయాం. షిఫ్టు అయిపోయిందనుకున్నాయి కాళ్లు. టీచరమ్మ ఒక్కతే హాల్లో మిగిలింది. అది సర్దుకోవచ్చు, బ్యాటరీ ఉంటుందట. కానీ వదిన ఆ పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని విని, నాకు తిరిగి ఇచ్చేసింది.

“నా చెవిలో ఉన్నది ఇదేనే. ఇంకోటి దేనికి?”

ఇక నాకు కంగారు పుట్టింది. గడువు దగ్గర పడుతోంది. సన్నని మోతలన్నీ చూశాం కదా, పెద్ద మోత తెద్దామని నేనే అన్నాను. మిల్లు అంత మోత ఉంటే మిల్లు అంత నిద్ర వస్తుందని నా లెక్క. భజన వాళ్ల దగ్గర హార్మోనియం అడిగి తెచ్చాను. టీచరమ్మ వద్దంది, “మెల్లగా పోదాం మామ్మగారూ” అంది. నేను వినలేదు. మెట్లు నొక్కిపెట్టి, నా బలమంతా పెట్టి తిత్తి కొట్టాను. కిటికీలు అదిరాయి. వదిన కాసేపు ఓర్చుకుంది. తర్వాత రెండు చేతులూ చెవులకు పెట్టుకుని ముందుకు వంగిపోయింది. నేను అది నిద్ర అనుకుని ఇంకా గట్టిగా కొట్టాను.

ఆ సాయంత్రం కోడలు మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

“ఏం చేశారు పిన్నిగారూ మా అత్తయ్యని? గోడకేసి తల కొట్టుకుంటోంది. హోరు ముందుకన్నా ఎక్కువైందంట.”

“నేనే…”

“ఇక చాలు. ఆదివారం ఆయనకు సెలవు. బయల్దేరతాం.”

నేను మంచినీళ్లు ఇచ్చాను. తాగకుండా పోయింది.

పొద్దున్నే టీచరమ్మకు చెబితే ఆమె నన్ను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. ఒంగోలులో తనకు తెలిసిన ఇల్లు ఒకటి ఉందని పోయి వచ్చింది. ఆ ఇంటి పెద్దాయన బతికున్నప్పుడు హరికథలకు వెనక కూర్చుని శ్రుతి వేసేవాడట. ఆయన పెట్టె తెచ్చింది. చెక్కపెట్టె, ముందు రెక్కలాంటి తిత్తి. చేత్తో మెల్లగా నొక్కి వదులుతుంటే లోపల గాలి ఆడి మోగుతుంది. తిత్తికి ఎలుక కొరికితే తోలు అతుకు వేసి ఉంది. పాట వాయించడానికి ఏమీ లేదు దాంట్లో. ఒక్కటే మోత, అది ఆగకుండా మనిషి కూర్చుని గాలి కొడుతూ ఉండాలి.

ఆదివారం మందిరానికి సెలవు లేదు. బస్సెక్కే ముందు ఒక్కసారి వదినను తెమ్మని నేను కోడలిని అడిగాను. కోడలు వదినను ఆటోలో తీసుకొచ్చింది. చేతిలో చీరల సంచి ఉంది. “బస్సు పదకొండున్నరకి. ఆయన బస్టాండుకే వస్తారు. మీరు అడిగారని తెచ్చాను పిన్నిగారూ” అంది. వదిన కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. నా వైపు చూసి చెయ్యి కూడా ఆడించలేదు.

టీచరమ్మ ముందు కూర్చుని పెట్టె వాయించింది. అందరం ఓంకారం అన్నాం. చాలాసేపు అన్నాం. అయ్యాక నేను వదిన దగ్గరకు పోయి వంగి అడిగాను.

“వినపడుతోంది” అంది. “అంతే.”

కోడలు సంచి అందుకుంది. అప్పుడు టీచరమ్మ పెట్టె ఎత్తుకుని వచ్చి వదిన ఎదురుగా కూర్చుంది. “ఒక్క నిమిషం మామ్మగారూ. చెవితో వద్దు. ఒళ్లో పెట్టుకోండి. మీరే కొట్టండి” అంది.

“నాకు సంగీతం రాదమ్మా.”

“దీనికీ రాదండీ.”

వదిన కాళ్లు మడుచుకుని పెట్టె ఒళ్లో పెట్టుకుంది. ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి తిత్తి మీద. ముందు గాలి ఎక్కువై గుర్రుమంది, తర్వాత చాలక నీరసపడింది. చెయ్యి దారి దొరకబుచ్చుకుంది. కాసేపటికి నా వైపు చూసింది.

“ఒళ్లో పిల్లిని పెట్టినట్టుందేంటే వదినా. కడుపులోకి వస్తోంది.”

“రానీ. ఆపకు.”

కోడలు సంచి కింద పెట్టింది.

మిల్లులో మాకు మోత చెవికన్నా ముందు కాళ్లకు తెలిసేది. నేల అదిరేది, అరికాళ్ల నుంచి నడుము దాకా ఎక్కేది. నేను అది మర్చిపోయి చెవిలోకే కొడుతూ వచ్చాను. వదిన ఒళ్లు మాత్రం మర్చిపోలేదు. కొడుతూ కొడుతూ ఉంటే ఆమె భుజాలు కిందికి దిగాయి. తర్వాత గడ్డం దిగింది. చెయ్యి ఇంకా ఆడుతోంది గానీ నిదానమైంది. మోత పలచబడింది. ఆగిపోతుందనగా నేను పక్కన కూలబడి, ఆమె చేతి కింద నా చెయ్యి దూర్చి తిత్తి అందుకున్నాను. మిల్లులో ఒకళ్లు కునుకు తీస్తే పక్కవాళ్లు వాళ్ల మిషను కూడా చూసుకోవడం మాకు అలవాటే. వదిన చెయ్యి నా మోచేతి మీదికి జారింది. తల నా భుజం మీద పడింది. గురక వచ్చింది.

గంట కొట్టాల్సిన మనిషిని నేనే. గంట ఆ గోడ దగ్గర ఉంది. నేను లేవలేదు. ఎవరూ లేవలేదు. వెనక వరుసలో ఒకామెకు దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకుంది. పదకొండైంది. మాస్టరు గారు ఏ వాయిద్యం ఖాయం చేశామో తెలుసుకుందామని వచ్చారు. గుమ్మంలో నిలబడి, “ఏమ్మా, ఏది…” అనేసరికి టీచరమ్మ వేలు పెదాల మీద పెట్టింది. ఆయన వదినను చూశారు, నన్ను చూశారు, పెట్టెను చూశారు. మనిషి లేకుండా నడవని వస్తువు అది. దాని మీద ఇద్దరు మనుషులు పడి ఉన్నాం. ఆపమంటారేమోనని నేను ఆయన వైపే చూస్తున్నాను. ఆయన చూపుడు వేలు ఎత్తి గాలిలో గుండ్రంగా తిప్పారు. మిల్లులో దానికి అర్థం మిషను నడవనీ అని. ఇస్త్రీ పంచెతోనే కింద కూర్చున్నారు.

భుజం లాగేసింది. చెయ్యి మార్చుకుందామని చూస్తే గాలి తెగుతోంది. పిల్లలూ, ఉద్యోగంలో నేను చాలా బరువులు మోశాను గానీ ఆ తిత్తి అంత బరువు ఏదీ లేదు. పదకొండున్నర దాటింది. కోడలు ఫోను మోగబోతే చీర కుచ్చిళ్లలో నొక్కేసి బయటికి పరిగెత్తింది. వరండాలో మొగుడితో గుసగుసగా అంటోంది, “పడుకుందండీ… మీ అమ్మండీ… నిజంగానే… అరవకండి.”

హోరు పోలేదు. ఇప్పటికీ ఉందంటుంది. టీచరమ్మ అన్నట్టే దాని పక్కన ఇంకోటి కూర్చుంది. ఆ పెట్టె మందిరంలోనే ఉండిపోయింది, రోజూ ఓంకారానికి శ్రుతి వేసే పని వదినది, ఇంటికి కూడా తీసుకుపోతుంది. కానీ ఆ రోజు ఇవేవీ మాకు తెలియదు. ఆమె లేస్తే ఏమంటుందోనని అందరం చూస్తున్నాం.

ఎండ గుమ్మంలోంచి చాపల మీదికి వచ్చాక వదిన కళ్లు తెరిచింది. మూతి తుడుచుకుంది. హాలంతా చూసింది. మాస్టరు గారిని చూసి కొంగు సర్దుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

“మధ్యలో ఆపావు కదే.”

“చెయ్యి మార్చుకున్నాను వదినా.”

“మార్చుకుంటే చెప్పి మార్చుకోవాలి. దారం తెగినట్టు తెగింది. ఇటివ్వు.”

పెట్టె నా దగ్గర్నుంచి లాక్కుని ఒళ్లో సర్దుకుంది. కోడలు లోపలికి వచ్చి ఎదురుగా నిలబడింది. వదిన కొడుతూనే అడిగింది, “బస్సుకు టైమైందా?”

కోడలు వంగి చీరల సంచి భుజానికి తగిలించుకుంది.

“లేదులే అత్తయ్యా. మీరు కొడుతూ ఉండండి. నేను ఇంటికి పోయి అన్నం వండేస్తాను.”